అంచనాకూ లెక్కకూ మధ్య తేడా: సికిల్‌సెల్ సర్వేను గణాంకశాస్త్రం ఎలా పరీక్షిస్తుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నుంచి ముంగేలీ వైపు వెళ్ళే రహదారి మీద ఉంది తఖత్‌పూర్. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో తరాల క్రితం రైల్వే కొలువుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కనుక ఈ ప్రాంతం తెలుగువారికి బొత్తిగా అపరిచితమైనది కాదు. తఖత్‌పూర్‌కు దగ్గరలోని గనియారి గ్రామంలో ఎయిమ్స్‌లో చదివిన వైద్యులు కొందరు స్థాపించిన ‘జన్ స్వాస్థ్య సహయోగ్’ ఆసుపత్రి ఉంది. అక్కడ దీర్ఘకాలం చికిత్స పొందేవారిలో సికిల్‌సెల్ రోగులది ముఖ్యమైన వర్గం. ఈ వ్యాధి భారం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. ఇక్కడ ఇది గిరిజన సమాజాలకే పరిమితం కాలేదు. వెనుకబడిన తరగతుల్లోనూ, షెడ్యూల్డ్ కులాల్లోనూ కనిపిస్తుంది.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ‘జాతీయ సికిల్‌సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్’ను ప్రారంభించారు. 2047 నాటికి ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా మిగలకుండా చేయాలన్నది లక్ష్యం. 17 రాష్ట్రాల్లోని ప్రభావిత ప్రాంతాల్లో 40 ఏళ్ళలోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని సంకల్పించారు. వాటిలో ఛత్తీస్‌గఢ్‌తో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి.

ఇంత పెద్ద పరీక్షా కార్యక్రమం నుంచి వచ్చేవి అంకెలు. ఒక బ్లాకులో ఎందరు ఆరోగ్యవంతులు, ఎందరు జన్యువాహకులు, ఎందరు రోగులు అన్నది రిజిస్టర్లలోకి ఎక్కుతుంది. వచ్చే ఏడాది ఎన్ని హైడ్రాక్సీయూరియా మాత్రలు కావాలి, ఎంత రక్తం నిల్వ ఉంచాలి, ఎందరు నవజాత శిశువులను కనిపెట్టుకుని ఉండాలి అనే నిర్ణయాలు ఆ అంకెల మీదే ఆధారపడతాయి. అయితే ఆ అంకెలు నమ్మదగినవేనా, వాటి వెనుక మనం ఊహించుకున్న చిత్రం సరైనదేనా అని తేల్చేదెలా? గణాంకశాస్త్రంలో అందుకు నూటపాతికేళ్ళ వయసున్న సాధనం ఒకటుంది.

ముందుగా ఒక మాట. తెలుగులో ‘నమూనా’ అనే పదం రెండు భిన్నమైన భావాలకు చెల్లుతోంది. పరీక్షకు తీసుకున్న రక్తమూ నమూనాయే, వాస్తవాన్ని వివరించడానికి కట్టుకున్న గణిత రూపమూ నమూనాయే. గణాంకశాస్త్రం చేసే పనంతా మొదటిదానితో రెండోదాన్ని పరీక్షించడమే కనుక, రెండింటికీ ఒకే మాట వాడితే వాక్యం తికమక పడుతుంది. అందువల్ల ఇక్కడ రక్తానికి ‘నమూనా’ అనీ, గణిత రూపానికి ‘మోడల్’ అనీ వ్యవహరిస్తున్నాం.

హార్డీ చెప్పిన లెక్క

ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాలి. దాని స్థానంలో వేలీన్ చేరడమే సికిల్‌సెల్‌కు మూలం. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఆ హిమోగ్లోబిన్ గడ్డకట్టి, గుండ్రని కణాన్ని కొడవలిలా వంచుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ప్రతి మనిషికీ ఈ జన్యువు రెండు ప్రతులుగా అందుతుంది. రెండూ మామూలువైతే ఆ వ్యక్తి ‘ఏఏ’. ఒకటి మామూలుది, ఒకటి మార్పు చెందినది అయితే ‘ఏఎస్’. ఇతడు వాహకుడు, సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు. రెండూ మార్పు చెందినవైతే ‘ఎస్ఎస్’, అంటే రోగి. వాహకులిద్దరు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డ రోగి అయ్యే అవకాశం నాలుగింట ఒకటి.

జనాభాలో మార్పు చెందిన జన్యువు వాటా తెలిస్తే ఈ మూడు వర్గాల వాటాలనూ అంచనా వేయవచ్చునని 1908లో ఇద్దరు విడివిడిగా చూపారు. ఒకరు జర్మన్ వైద్యుడు విల్హెల్మ్ వైన్‌బర్గ్. రెండోవారు కేంబ్రిడ్జి గణితవేత్త జి.హెచ్. హార్డీ. తరవాతి కాలంలో శ్రీనివాస రామానుజన్‌ను కేంబ్రిడ్జికి రప్పించిన హార్డీయే ఈయన. వారి సూత్రం కూడికలు, గుణకారాలు వచ్చిన వారెవరికైనా అందుతుంది. మామూలు జన్యువు వాటా 0.9, మార్పు చెందినదాని వాటా 0.1 అనుకుందాం. అప్పుడు ఏఏ వాటా 0.9ను 0.9తో గుణిస్తే వచ్చే 0.81. ఎస్ఎస్ వాటా 0.1ను 0.1తో గుణిస్తే వచ్చే 0.01. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి మరొకటి రావడానికి రెండు దారులున్నాయి కనుక ఏఎస్ వాటా 0.9, 0.1ల లబ్ధానికి రెట్టింపు, అంటే 0.18.

ఈ మోడల్‌కు కొన్ని షరతులున్నాయి. జనాభా పెద్దది కావాలి. పెళ్ళిళ్ళు ఈ జన్యువుతో నిమిత్తం లేకుండా జరగాలి. వలసలు ఉండకూడదు. ఏ వర్గమూ మిగతావాటి కంటే ఎక్కువగా మరణించకూడదు. భారతదేశంలో ఏ గ్రామం తీసుకున్నా ఈ షరతుల్లో ఒకటైనా తప్పుతుందని చెప్పడానికి గణితం అక్కరలేదు. అయినా ఈ మోడల్ పనికొస్తుంది. ఎక్కడ, ఎంత తప్పిందో కొలవడానికి ఒక ప్రమాణం కావాలి కదా.

తేడాను కొలవడం

ఉదాహరణ కోసం ఒక ఊహాజనిత సర్వేను తీసుకుందాం. వెయ్యి మందిని పరీక్షించగా 820 మంది ఏఏ, 160 మంది ఏఎస్, 20 మంది ఎస్ఎస్ అని తేలింది. మనిషికి రెండు చొప్పున మొత్తం జన్యు ప్రతులు 2000. మార్పు చెందినవి వాహకుల నుంచి 160, రోగుల నుంచి 40, కలిపి 200. అంటే వాటా సరిగ్గా 0.1. హార్డీ–వైన్‌బర్గ్ సూత్రం ప్రకారం ఉండవలసిన సంఖ్యలు 810, 180, 10.

అంచనాకూ లెక్కకూ తేడా వరుసగా 10, 20, 10. ఈ తేడాలను ఊరికే కూడితే ప్రయోజనం లేదు. ఎందుకంటే 810లో 10 తేడా ఏమంత పెద్దది కాదు, కాని 10 ఉండవలసిన చోట 20 ఉండడం రెట్టింపు. అందుకే ప్రతి తేడానూ వర్గం చేసి, ఆ అంచనా సంఖ్యతో భాగించి, అప్పుడు కూడాలి. మొదటి వర్గం నుంచి 0.12, రెండో వర్గం నుంచి 2.22, మూడో వర్గం నుంచి 10 వస్తాయి. మొత్తం సుమారు 12.35. దీనినే కై-స్క్వేర్ విలువ అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఇది ‘కై-వర్గం’. బ్రిటన్‌కు చెందిన కార్ల్ పియర్సన్ 1900లో ప్రతిపాదించిన పద్ధతి ఇది.

12.35 ఎక్కువా, తక్కువా? మోడల్ పూర్తిగా నిజమే అయినా, వెయ్యి మందిని ఎంచుకోవడంలో యాదృచ్ఛికంగా కొంత తేడా రాక తప్పదు. బొమ్మ–బొరుసు వంద సార్లు వేస్తే సరిగ్గా 50 బొమ్మలు పడడమే అరుదు. కనుక అడగవలసిన ప్రశ్న ఇది: మోడల్ నిజమైతే, కేవలం యాదృచ్ఛికత వల్ల ఇంత తేడా, లేదా ఇంతకు మించిన తేడా వచ్చే అవకాశం ఎంత? ఇటువంటి సందర్భంలో కై-స్క్వేర్ 3.84ను దాటే అవకాశం నూటికి 5. 10.83ను దాటే అవకాశం వెయ్యికి 1. 12.35ను దాటే అవకాశం పదివేలకు 5 కంటే తక్కువ. అదృష్టవశాత్తు అలా పడిందని సరిపెట్టుకోవడం కష్టం.

ఇక్కడ తరచూ దొర్లే ఒక పొరపాటు ఉంది. ‘మోడల్ నిజమయ్యే అవకాశం పదివేలకు 5’ అని కొందరు ఈ ఫలితాన్ని చదువుతారు. పరీక్ష చెప్పింది అది కాదు. మోడల్ నిజమని ముందే ఒప్పుకుని, ఆ పరిస్థితిలో ఇటువంటి దత్తాంశం ఎంత అరుదో చెప్పింది. ఈ రెండింటినీ కలగలపడం నిపుణుల వ్యాసాల్లో సైతం కనిపిస్తుంది.

పై 3.84 అనే హద్దు వెనుక ఒక పాత వివాదం ఉంది. వర్గాలు మూడు. మొత్తం వెయ్యి అని ముందే తెలుసు కనుక రెండు వర్గాల సంఖ్యలు తెలిస్తే మూడోది దానంతటదే తేలుతుంది. కనుక స్వేచ్ఛగా మారగలిగినవి రెండు. పియర్సన్ ఇంతవరకే లెక్కించేవారు. అయితే 0.1 అనే వాటాను కూడా మనం ఇదే దత్తాంశం నుంచి తీసుకున్నాం. అంటే మోడల్‌ను దత్తాంశానికి తగినట్లు ముందే కొంత సర్దాం. అలా సర్దిన ప్రతి విలువకూ మరొక స్వేచ్ఛను తగ్గించుకోవాలని 1922లో ఆర్.ఎ. ఫిషర్ వాదించారు. పియర్సన్ అంగీకరించలేదు. చివరకు నిలిచింది ఫిషర్ మాటే. పియర్సన్ లెక్క ప్రకారం హద్దు 5.99. ఫిషర్ లెక్క ప్రకారం 3.84. ఒక సర్వేలో 5 అనే విలువ వస్తే ఒకరు ‘సరిపోయింది’ అంటారు, మరొకరు ‘సరిపోలేదు’ అంటారు. తన కొలతలకే కుట్టించుకున్న చొక్కా సరిపోయిందని మురిసిపోవడంలో అర్థం లేదన్నది ఫిషర్ వాదనలోని సారాంశం.

ఎందుకు సరిపోలేదు?

మోడల్ సరిపోలేదని చెప్పడంతో పరీక్ష పని ముగుస్తుంది, కారణం చెప్పడం దానికి చేతకాదు. పైగా వర్గం చేయడం వల్ల తేడా ఏ దిశలో ఉందో కూడా కై-స్క్వేర్‌లో కనిపించదు. అందుకే మళ్ళీ వెనక్కి వెళ్ళి ఒక్కొక్క వర్గాన్నీ చూడాలి. మన ఉదాహరణలో వాహకులు అంచనా కంటే 20 మంది తగ్గారు. రోగులు 10 మంది పెరిగారు.

మలేరియా ప్రభావమైతే దిశ తారుమారుగా ఉండేది. ఏఎస్ వాహకులకు తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ అలిసన్ తూర్పు ఆఫ్రికా పరిశీలనలతో చూపారు. ఎస్ఎస్ పిల్లల్లో కొందరు చిన్నతనంలోనే మరణిస్తారు. కనుక పెద్దవారిని మాత్రమే పరీక్షిస్తే వాహకులు ఎక్కువగా, రోగులు తక్కువగా కనిపించాలి. ఇక్కడ అలా లేదు.

సర్వేను ఆసుపత్రిలో చేసి ఉండవచ్చు. ఒళ్ళు నొప్పులతో, కామెర్లతో వచ్చినవారినే పరీక్షిస్తే రోగుల వాటా సహజంగానే పెరుగుతుంది. ప్రయోగశాలలో పొరపాటు జరిగి ఉండవచ్చు. మొదటి దశలో చేసే సాల్యుబిలిటీ పరీక్ష మార్పు చెందిన హిమోగ్లోబిన్ ఉందో లేదో చెబుతుందే తప్ప, వాహకుడినీ రోగినీ వేరు చేయలేదు. అందుకు ఎలక్ట్రోఫోరెసిస్ గాని, హెచ్‌పీఎల్‌సీ గాని కావాలి. ఒక జన్యువు సికిల్, మరొకటి బీటా తలసీమియా అయిన వ్యక్తి కూడా పరీక్షలో ఎస్ఎస్‌ను పోలి కనిపించవచ్చు. ఇటీవలే రక్తం ఎక్కించుకున్న రోగి దాతల రక్తం కలవడం వల్ల వాహకుడిలా కనిపించడమూ ఉంది. ఇవన్నీ వైద్యులకు తెలిసిన చిక్కులే.

వీటిలో ఏదీ జరగకపోయినా, ఒక్క పరీక్షా తప్పు కాకపోయినా, ఒక్క పేరూ తారుమారు కాకపోయినా ఇదే 12.35 రావచ్చు.

ఆ వెయ్యి మంది నిజానికి రెండు సమాజాలకు చెందినవారు అనుకుందాం. చెరి 500 మంది. వారి మధ్య పెళ్ళి సంబంధాలు లేవు. మొదటి సమాజంలో మార్పు చెందిన జన్యువు వాటా 0.2. రెండో సమాజంలో అది అసలే లేదు. మొదటి సమాజంలో సూత్రం ప్రకారం ఉండవలసిన సంఖ్యలు: ఏఏ 320, ఏఎస్ 160, ఎస్ఎస్ 20. రెండో సమాజంలో అందరూ ఏఏ, 500. రెండూ కలిపితే 820, 160, 20. మన సర్వేలో వచ్చిన అంకెలు సరిగ్గా ఇవే. విడివిడిగా చూస్తే రెండు సమాజాల్లోనూ మోడల్ అక్షరాలా సరిపోయింది. కలిపి ఒకే పట్టికలో వేసినందుకే అది విఫలమైంది. ఇలా కలపడం వల్ల వాహకుల సంఖ్య తక్కువైనట్లు కనిపించడాన్ని స్వీడన్ శాస్త్రవేత్త స్టెన్ వాలుండ్ 1928లో వివరించారు.

కులం లోపలే, తెగ లోపలే పెళ్ళిళ్ళు జరిగే దేశంలో ఇది పాఠ్యపుస్తకంలోని వింత కాదు. జిల్లా సగటు 0.1 అని పట్టుకుని ప్రణాళిక వేసే అధికారి వెయ్యి జననాలకు 10 మంది రోగులు పుడతారని అంచనా వేసి, ఆ మేరకు మందులు తెప్పిస్తారు. నిజానికి పుట్టేది 20 మంది. అదీ ఒకే సమాజంలో, కొన్ని ఊళ్ళలో. పెళ్ళికి ముందు సలహా ఇచ్చే కార్యకర్త సంగతీ అంతే. జిల్లా సగటును నమ్మితే 100 జంటల్లో సుమారు 3 జంటలకు మాత్రమే ఇద్దరూ వాహకులయ్యే అవకాశం ఉన్నట్లు తోస్తుంది. మొదటి సమాజంలో నూటికి 32 మంది వాహకులు. అక్కడ అటువంటి జంటలు నూటికి 10. రెండో సమాజంలో ఒక్కటీ లేదు. పాడేరు, ఉట్నూరు, భద్రాచలం వంటి ఏజెన్సీ ప్రాంతాలకూ ఈ లెక్క వర్తిస్తుంది.

విశాఖ నుంచి కేంబ్రిడ్జి వరకు

పియర్సన్ పద్ధతి ఎందుకు పనిచేస్తుందన్న ప్రశ్నకు విశాలమైన జవాబు ఇచ్చినవారు ఒక తెలుగువారు. 1920 సెప్టెంబర్ 10న అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ బళ్ళారి జిల్లాలోని హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించిన కల్యంపూడి రాధాకృష్ణారావు, ప్రపంచానికి సి.ఆర్. రావు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివారు. ఉద్యోగం వెదుక్కుంటూ కలకత్తా వెళ్ళి అక్కడి భారత గణాంక సంస్థలో చేరారు. తరవాత కేంబ్రిడ్జిలో ఫిషర్ వద్ద పరిశోధన చేస్తూ, పురాతన అస్థిపంజరాల కొలతలతో పాటు ఎలుకల జన్యు దత్తాంశం మీద కూడా పనిచేశారు. 1948లో కేంబ్రిడ్జి ఫిలసాఫికల్ సొసైటీ పత్రికలో వెలువడిన ఆయన వ్యాసం ‘స్కోర్ పరీక్ష’కు పునాది.

ఆ ఆలోచనను ఇలా చెప్పవచ్చు. ఒక దత్తాంశానికి సాధ్యమైన మోడళ్ళన్నిటినీ ఒక కొండలా ఊహించుకోవాలి. దత్తాంశానికి ఏ మోడల్ ఎంత దగ్గరగా ఉంటే అది అంత ఎత్తున ఉంటుంది. మనం పరీక్షించదలచిన సాధారణ మోడల్ ఆ కొండమీద ఒక చోటు. అది సరైనదే అయితే మనం శిఖరానికి చేరువలో ఉన్నట్లు. అక్కడ కాలికింద నేల ఇంచుమించు చదునుగా ఉంటుంది. నేల నిటారుగా ఉందంటే శిఖరం ఇంకెక్కడో ఉందని అర్థం. అది ఎక్కడుందో తెలుసుకోవడానికి కొండంతా ఎక్కనవసరం లేదు, నిలబడ్డ చోట వాలు కొలిస్తే చాలు. సంక్లిష్టమైన మోడల్‌ను లెక్కగట్టకుండానే సాధారణ మోడల్ చాలుతుందో లేదో తేల్చగలగడం ఈ పద్ధతి ప్రత్యేకత. కంప్యూటర్లు లేని 1948లో అదెంత పెద్ద వెసులుబాటో ఊహించవచ్చు. పియర్సన్ కై-స్క్వేర్ కూడా స్కోర్ పరీక్షకు ఒక ప్రత్యేక రూపమే.

మన ఉదాహరణలోనే దీన్ని సరిచూడవచ్చు. 180 మంది వాహకులు ఉండవలసిన చోట 20 మంది తగ్గారు, అంటే తొమ్మిదో వంతు. దాని వర్గం 81వ వంతు. దాన్ని వెయ్యితో గుణిస్తే 12.35. మూడు భాగహారాలు చేసి సాధించిన విలువే ఒక్క అడుగులో వచ్చింది.

రావుకు 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించాయి. అదే ఏడాది ఆగస్టు 22న అమెరికాలో కన్నుమూశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆవరణలో ఆయన పేరిట ఒక పరిశోధన సంస్థ పనిచేస్తోంది.

ఎందరిని పరీక్షించారు?

పై లెక్కలో చివర వెయ్యితో గుణించామన్నది గమనించదగ్గ విషయం. వాటాలు అవే ఉండి, వంద మందినే పరీక్షించి ఉంటే సంఖ్యలు 82, 16, 2. కై-స్క్వేర్ 1.23. 3.84 కంటే తక్కువ కనుక ‘మోడల్ సరిపోయింది’ అని నివేదికలో రాసేస్తారు. లోపం పోలేదు, దాన్ని చూసేంత వెలుతురు లేదు, అంతే. పైగా రోగుల అంచనా సంఖ్య 1 మాత్రమే. అంచనా సంఖ్యలు 5 కంటే తగ్గితే ఈ పద్ధతి మీద ఆధారపడకూడదని వాడుకలో ఒక నియమం ఉంది. అటువంటప్పుడు సాధ్యమయ్యే అమరికలన్నిటినీ ఒక్కొక్కటిగా లెక్కించే ‘కచ్చిత పరీక్ష’ చేయాలి. చిన్న గ్రామాల సర్వేలకు తగినది అదే.

దీనికి వ్యతిరేకమైన చిక్కు పెద్ద సర్వేలది. వెయ్యికి 812, 176, 12 అని వచ్చిందనుకుందాం. అంచనాకు ఇంచుమించు దగ్గరే. కై-స్క్వేర్ 0.49, ఆక్షేపించదగినది కాదు. ఇవే వాటాలు లక్ష మందిలో వస్తే ఆ విలువ వంద రెట్లై 49 దాటుతుంది. మోడల్‌ను తిరస్కరించక తప్పదు. కోట్ల మందిని పరీక్షించే మిషన్‌లో ఏ మోడల్ అయినా ఏదో ఒక చోట ఇలా ఓడిపోతుంది. కనుక అక్కడ ‘సరిపోయిందా, లేదా’ అన్నదానికంటే ‘వాహకులు ఎన్నో వంతు తగ్గారు’ అన్న కొలతకే విలువ ఎక్కువ. మొదటి సర్వేలో అది తొమ్మిదో వంతు. ఈ సర్వేలో 45వ వంతు.

మరీ చక్కగా సరిపోతే?

కై-స్క్వేర్ పెద్దదైతే అనుమానించడం అందరూ చేసేదే. మరీ చిన్నదైతే? 1936లో ఫిషర్, జన్యుశాస్త్ర పితామహుడు గ్రెగర్ మెండెల్ బఠాణీ ప్రయోగాల అంకెలన్నిటినీ కలిపి ఈ పరీక్షకు పెట్టారు. అవి సిద్ధాంతానికి ఎంత దగ్గరగా ఉన్నాయంటే, యాదృచ్ఛికంగా అంత దగ్గరగా వచ్చే అవకాశం లక్షకు 7. సిద్ధాంతం సరైనదే, అంకెలే నమ్మశక్యంగా లేవు. గురువు ఆశించిన ఫలితం తెలిసిన సహాయకుడెవరో అంకెలను సర్ది ఉంటారని ఫిషర్ అనుమానించారు. దాని మీద చర్చ ఇప్పటికీ తెగలేదు.

ఆరోగ్య సర్వేల్లో ఈ అనుమానానికి చోటుంది. రోజుకు ఇందరిని పరీక్షించాలని లక్ష్యం పెట్టినప్పుడు, పరీక్షించకుండానే నిన్నటి వాటాల ప్రకారం రిజిస్టరు నింపిన చోట అంకెలు అంచనాకు అతిగా కట్టుబడి ఉంటాయి. నిజమైన రక్తానికి కొంత ఎగుడుదిగుడు ఉంటుంది. పైన చెప్పిన రెండు సమాజాల ఉదాహరణలో విడివిడిగా కై-స్క్వేర్ రెండు చోట్లా సున్నా. అది వివరణ కోసం కూర్చిన ఉదాహరణ కనుక అలా వచ్చింది. జన్యువు ఉన్న నిజమైన ఊళ్ళ నుంచి వరుసగా సున్నాలే వస్తుంటే మాత్రం, పర్యవేక్షకుడు ఆ రిజిస్టర్లలోని పేర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి అడిగి చూడవలసిందే.